బోరు నీళ్లతో మీగడలాంటి నురగ: ఆర్కో షేవింగ్ స్టిక్, మూడు నెలల అనుభవం

మా నాన్నకి 79 ఏళ్లు. చేతులు వణుకుతాయి, తన గడ్డం తను గీసుకోలేడు. ఇన్నాళ్లూ ఇంటికొచ్చి గీసి వెళ్లే ఆయన, కొడుకు దగ్గర ఉండటానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ ఆ పని నాది. రోజు మార్చి రోజు, పొద్దున ఆరున్నరకి వరండాలో కుర్చీ వేసి, మెడ చుట్టూ తువ్వాలు కప్పి నేనే గీస్తాను.

నాన్న రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటాడు. చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. డాక్టరు గారు ట్రిమ్మర్ వాడుకోమన్నారు. కొన్నాం. నాన్న రెండుసార్లు చేయించుకుని మూడోసారి వద్దన్నాడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో 30 ఏళ్లు పలకలు నునుపు చేసిన మనిషి. ఏదైనా సరే బొటనవేలితో తడిమి చూస్తే గానీ ఒప్పుకోడు. ట్రిమ్మర్ పెట్టిన చెంపని తడిమి, "గరుగ్గా ఉందిరా. గీసినట్టు లేదు, కోసి వదిలేసినట్టుంది" అన్నాడు. ఇక బ్లేడే గతి అని డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఒప్పుకుంటూనే మూడు షరతులు పెట్టారు. బ్లేడు కొత్తదై ఉండాలి, ఎదురు గీయకూడదు, చర్మం మీద నురగ మందంగా ఉండాలి. మొదటి రెండూ సులువే. మూడోదే నన్ను మూడు వారాలు తిప్పలు పెట్టింది. ఈ రివ్యూ అంతా ఆ మూడో షరతు గురించే.

ముందు ట్యూబులో వచ్చే క్రీములు వాడాను. నురగ వచ్చేది. కానీ నేను నెమ్మదిగా గీస్తాను. ఒక చెంప పూర్తయి గొంతు దగ్గరికి వచ్చేసరికి రెండో చెంప మీద నురగ ఎండి తెల్లటి పొడిలా అయ్యేది. డబ్బా నొక్కితే బుస్సున వచ్చే ఫోమ్ కూడా తెచ్చాను. చూడ్డానికి పువ్వులా ఉంటుంది గానీ, నాన్న గడ్డం ముళ్లలాంటిది, నేనలా పూసి వెంటనే గీసేస్తే లోపల వెంట్రుక మెత్తబడేది కాదు. వెంట్రుక నీళ్లు పీల్చుకుంటేనే మెత్తబడుతుంది. దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతసేపూ తడిని ముఖం మీద పట్టి ఉంచడమే నురగ చేసే పని. ఆ తర్వాత బ్లేడు జారడానికి కింద ఒక జారుడు పొర కావాలి, అదీ సబ్బే ఇస్తుంది. అందం కోసం కాదు నురగ.

డిసెంబరులో మా తోడల్లుడు దుబాయ్ నుంచి వస్తూ రెండు ఆర్కో షేవింగ్ స్టిక్‌లు తెచ్చిచ్చాడు. టర్కీ వాళ్ల సబ్బు అది. ఎవ్యాప్ అనే కంపెనీ చేస్తుంది. తెల్లటి కడ్డీ, బొటనవేలి కన్నా లావు, 75 గ్రాములు. చుట్టూ రేకు కాగితం, అంతే. తిప్పితే పైకి వచ్చే ప్లాస్టిక్ గొట్టం లాంటి హంగులేమీ ఉండవు. ఒకటి నాన్నకి, ఒకటి నాకు అని పేర్లు రాసి పెట్టాను. ఒకే స్టిక్ ఇద్దరి ముఖాలకీ రుద్దకూడదు. గాటు పడే ముఖమైతే అసలే కూడదు.

వాసన గురించి ఇప్పుడే చెప్పేస్తాను. నిమ్మగడ్డి, పాతకాలం బట్టల సబ్బు కలిసినట్టు ఘాటుగా ఉంటుంది. నాకు నచ్చింది. పొద్దున్నే స్నానాల గదిలో ఆ వాసన వస్తే పని మొదలైనట్టు అనిపిస్తుంది. మా ఆవిడ మాత్రం మొదటి రోజే, "దాన్ని తీసుకెళ్లి వరండాలో పెట్టుకోండి" అంది. కాగితం విప్పి ఓ వారం గాలికి ఉంచితే ఘాటు సగానికి సగం తగ్గింది. ముఖం మీద అయితే కడుక్కున్న పది నిమిషాలకి ఏమీ మిగలదు.

జనవరి 2న మొదలుపెట్టాం. నాన్న చిన్నప్పటి నుంచీ గుండ్రటి షేవింగ్ సబ్బు వాడిన మనిషి, ఆ సబ్బు అరిగిపోయిన స్టీలు గిన్నె ఇంకా ఇంట్లోనే ఉంది. నేనూ అదే పద్ధతిలో వెళ్లాను. బ్రష్షుని మగ్గులో ముంచి, నీళ్లు కారుతుండగానే స్టిక్ కొస మీద నాలుగు తిప్పులు తిప్పి, గిన్నెలో గిలక్కొట్టాను. బుడగలు వచ్చాయి. నిమిషంలో దిగిపోయాయి. గిన్నె అడుగున తెల్లటి నీళ్లు, అంచుల వెంట విరిగిన పాలలా తెట్టు. నాన్న ముఖం మీద పూస్తే నీళ్లలా గొంతులోకి కారింది. ఆ రోజు గడ్డం కింద రెండు చోట్ల తెగింది. పటిక రుద్ది, దూది అదిమి పట్టుకుని 20 నిమిషాలు కూర్చున్నాను. నాన్న ఏమీ అనలేదు. నాకే మనసు పాడైంది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను తాగునీటి పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. మా వైపు బోరు నీళ్లు ఎలాంటివో వేరే చెప్పక్కర్లేదు. కందిపప్పు ఎంత సేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, గీజరు రాడ్డుకి సున్నం పట్టి రాయిలా అవుతుంది, బకెట్టు అంచున తెల్లటి చార ఎంత తోమినా పోదు. ఆ పని చేసేది నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. దాన్నే కాఠిన్యం అంటాం. రోజుకి ఎన్నో సీసాల నీళ్లకి నేను ఆ కాఠిన్యం కొలుస్తాను. నమూనాలో పీహెచ్‌ని నిలకడగా ఉంచే బఫరు ద్రావణం కొంచెం, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు పొడి చిటికెడు వేస్తే నీళ్లు ద్రాక్షరసం రంగులోకి వస్తాయి. పైనుంచి బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలోంచి, కాల్షియం, మెగ్నీషియంలని పట్టేసుకునే ఈడీటీఏ అనే మందుని చుక్క చుక్కగా వదులుతూ, ఆ ఎరుపు పోయి నికార్సైన నీలం వచ్చిన చోట ఆపాలి. ఎంత మందు పట్టిందో దాన్ని బట్టి కాఠిన్యం లెక్క. మా ఇంటి బోరు నీళ్లకి లీటరుకి 540 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా ఉంటే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మావి ఆ చివరి గీతకి దగ్గర్లో ఉన్నాయి.

చాలామంది టీడీఎస్ మీటరు ముంచి చూసి నీళ్లు మంచివో కావో చెప్పేస్తుంటారు. ఆ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. అందులో సబ్బుని విరగ్గొట్టే కాల్షియం ఎంత, సబ్బుకి అంతగా అడ్డురాని సోడియం ఎంత అనేది అది చెప్పలేదు. నురగ కోసం నీళ్లు చూడాలనుకుంటే కాఠిన్యమే చూడాలి.

ఇవన్నీ తెలిసినవాణ్ణి కాబట్టి, నురగ రాకపోయేసరికి తప్పు నీళ్లదే అని ఒక్క క్షణం కూడా అనుమానం లేకుండా తేల్చేశాను. రుజువు కూడా చూపించాను. నాకు చాలా ఇష్టమైన పాత పరీక్ష ఒకటుంది. ఈడీటీఏ రాకముందు కాఠిన్యాన్ని సబ్బుతోనే కొలిచేవాళ్లు. 19వ శతాబ్దంలో అబర్దీన్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా ఉన్న థామస్ క్లార్క్ పేరు మీద ఉంది ఆ పద్ధతి. సీసాలో నీళ్లు పోసి, సబ్బు ద్రావణం కొంచెం కొంచెంగా కలుపుతూ ఊపుతూ పోతారు. నురగ 5 నిమిషాల పాటు చెదరకుండా నిలబడితే అక్కడ ఆపుతారు. ఎంత సబ్బు పట్టిందో దాన్ని బట్టి నీళ్లు ఎంత కఠినమో లెక్క. అంటే నురగే కొలబద్ద.

నేను రెండు మందు సీసాలు కడిగి, ఒకదాంట్లో 50 మి.లీ. బోరు నీళ్లు, ఇంకోదాంట్లో 50 మి.లీ. ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాన్ నీళ్లు పోశాను. స్టిక్ నుంచి బియ్యపు గింజల్లా చిన్న తునకలు గీసి, నగలు తూచే బుల్లి డిజిటల్ కాటా మీద ఒక్కోదానికి 0.1 గ్రాము తూచి వేశాను. గోరువెచ్చగా చేసి, కరిగేదాకా ఊపాను. క్యాన్ నీళ్ల సీసాలో రెండు వేళ్ల మందాన తెల్లటి నురగ నిలబడింది. టీ తాగి వచ్చేసరికి కూడా అలాగే ఉంది. బోరు నీళ్ల సీసాలో నురగే లేదు. మజ్జిగ విరిగినట్టు తెల్లటి పలుకులు తేలుతున్నాయి. మా ఆవిడకీ అమ్మకీ చూపించి, "చూశారా, ఈ నీళ్లతో షేవింగ్ సబ్బు పనికిరాదు" అని చెప్పాను.

మర్నాటి నుంచి నాన్న గడ్డానికి క్యాన్ నీళ్లు వాడాను. కొంచెం మెరుగైంది. తెట్టు పోయింది. కానీ నురగ ఇంకా పలచగానే ఉంది, పెద్ద పెద్ద బుడగలు, రెండు నిమిషాలకే ఆరిపోవడం. నీళ్లు మంచివే కదా, మరి ఇప్పుడేమైంది? దీనికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు కనుమ నాడు వచ్చింది. కనుమ నాడు మినుము తినాలి కదా, మా ఇంట్లో గారెలు తప్పవు. అమ్మకి గ్రైండర్ మీద నమ్మకం ఉన్నా, పిండి దగ్గర నుంచి కదలదు. పక్కన చెంబు పెట్టుకుని వేళ్లు ముంచి చిలకరిస్తూ కూర్చుంటుంది. ఆ రోజు అమ్మకి ఫోను వస్తే నన్ను చూడమంది. పిండి గట్టిగా తిరుగుతోందని నేను చెంబుతో కొంచెం పోశాను. అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకునే వచ్చి, "పోయగాకు! నీళ్లు పోస్తే పిండి జారిపోద్ది, ఇంక ఎంత రుబ్బినా పైకి లేవదు. చిలకరించు, అది తాగిందాకా ఆగు, మళ్లీ చిలకరించు" అంది. తర్వాత ఒక గిన్నెలో నీళ్లు తీసుకుని పిండి చుక్క వేసి చూపించింది. నేను నీళ్లు పోసిన వైపు పిండి మునిగింది. అమ్మ అడుగు నుంచి తీసిన పిండి తేలింది. తేలితే పిండిలోకి గాలి పట్టినట్టు. గాలి పట్టాలంటే పిండి ముందు చిక్కగా ఉండాలి.

పొద్దున గిన్నెలో నేను చేస్తున్నది ఇదే కదా అనిపించింది. సబ్బు చిటికెడు, నీళ్లు చెంబెడు. అది క్యాన్ నీళ్లయినా బోరు నీళ్లయినా పైకి లేవదు.

ఆ ఆదివారం నా గడ్డం మీదే పద్ధతిగా చేసి చూశాను. ముఖం బోరు నీళ్లతోనే కడిగాను, కావాలనే. స్టిక్‌ని తడి గడ్డానికి ఎదురుగా, కింది నుంచి పైకి, నేరుగా రుద్దాను. స్టిక్ సుగుణం అంతా ఇక్కడే ఉంది. గడ్డమే తురుముపీటలా పనిచేసి, సబ్బుని గీరి తన మీదే పెట్టుకుంటుంది. మూడు నాలుగు రోజుల గడ్డమైతే ఇంకా బాగా పడుతుంది. రెండు చెంపలు, గడ్డం, గొంతు, పై పెదవి, అన్ని చోట్లా తెల్లటి పూత కనిపించేదాకా రుద్ది, స్టిక్‌ని తుడిచి తూచాను. సరిగ్గా 1 గ్రాము తగ్గింది.

తర్వాత బ్రష్షు. తడిపి, గట్టిగా నాలుగుసార్లు విదిలించాను. చుక్క కారకూడదు. ఆ చెమ్మ బ్రష్షుతో ముఖం మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను. మొదట పేస్టులా అంటుకుంటుంది, బ్రష్షు కదలనంటుంది, ఇక్కడే నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకూడదు. నేను 5 మి.లీ. సిరంజి ఒకటి పెట్టుకున్నాను. కుచ్చు కొసల మీద 1 మి.లీ. నీళ్లు వదలడం, 15 తిప్పులు తిప్పడం, మళ్లీ 1 మి.లీ. మూడో మి.లీ. దగ్గర పేస్టు తెల్లబడి ఉబ్బింది. ఐదో మి.లీ. దగ్గర మందంగా, సినిమాల్లో చూపించే నురగలా అయింది. మామూలుగా మనం ఇక్కడ ఆపేస్తాం. కానీ వేళ్ల మధ్య తీసి రుద్ది చూస్తే జారడం లేదు, సుద్దలా పట్టేస్తోంది. పైన మెరుపు లేదు. ఈ నురగే చెంప మీద ఎండిపోయేది. ఇంకా నీళ్లు కావాలి దానికి. ఆరు, ఏడు, ఎనిమిది. ఎనిమిదో మి.లీ. తర్వాత చిన్న చిన్న బుడగలు కూడా మాయమైపోయి, నురగ గేదె పెరుగు మీద మీగడలా నిగనిగలాడింది. బ్రష్షు పైకి లాగితే మొన నిలబడకుండా కొద్దిగా వంగింది. వేళ్ల మధ్య రుద్దితే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఆగడం లేదు. తొమ్మిది, పది కూడా బాగానే ఉంది. పద్నాలుగు దగ్గర గొంతు మీదుగా కారడం మొదలైంది.

అదీ బోరు నీళ్లతో! అప్పుడు కూర్చుని లెక్క వేశాను, అది ముందే వేయాల్సింది. 540 కాఠిన్యం ఉన్న నీళ్లు లీటరుకి దాదాపు 3.3 గ్రాముల సబ్బుని తెట్టుగా మార్చేస్తాయి. బట్టలు ఉతకడానికీ స్నానానికీ అది చాలా పెద్ద నష్టం, మా నెల సరుకుల జాబితా చూస్తేనే తెలుస్తుంది. కానీ గడ్డానికి పట్టే నీళ్లెంత? పది మి.లీ. అవి తినే సబ్బు 33 మిల్లీగ్రాములు. నేను ముఖం మీద పెట్టింది వెయ్యి మిల్లీగ్రాములు. మిగతా 967 నాకే మిగిలాయి. మొదటి రోజు మాత్రం కారే బ్రష్షుతో నాలుగు తిప్పులకి మహా అయితే 200 మిల్లీగ్రాముల సబ్బు తీసుకుని, పాతిక మి.లీ. నీళ్లు కలిపాను. అందులో 80కి పైగా నీళ్లు తినేశాయి, ఆ విరిగిన తెట్టు మిగిలిన బుడగల్ని కూడా నిలబడనివ్వదు. సీసా పరీక్షలో అయితే మరీ అన్యాయం. 50 మి.లీ. బోరు నీళ్లు 165 మిల్లీగ్రాములు అడిగితే నేనిచ్చింది 100. ఇంక నురగ ఎక్కడ నుంచి వస్తుంది! అమ్మకీ మా ఆవిడకీ మళ్లీ చెప్పాను, నీళ్ల మీద నేను వేసిన నింద సగం తప్పని.

సగమే అంటున్నాను, ఎందుకంటే తేడా ఇప్పటికీ ఉంది. అదే స్టిక్, అదే ఒక గ్రాము, క్యాన్ నీళ్లతో చేస్తే నురగ ఇంకొంచెం సన్నగా, పట్టులా వస్తుంది. గీసిన తర్వాత చర్మం మీద పొర పట్టినట్టు ఉండదు, బ్రష్షు కుచ్చు మొదట్లో తెల్లటి సున్నం పేరుకోదు. నాన్నకి ఇప్పటికీ చిన్న కప్పుడు క్యాన్ నీళ్లే వాడతాను. నాకు బోరు నీళ్లే. మీ ఊళ్లో కృష్ణా నీళ్లో గోదావరి నీళ్లో కుళాయిలో వస్తుంటే ఈ గొడవే లేదు, ఇంకా తక్కువ సబ్బుతో పని అయిపోతుంది. బోరు నీళ్లని బాగా మరగబెట్టి, తేటదేరాక పైనుంచి వంచుకున్నా కొంత పనిచేస్తుంది. బైకార్బొనేట్ల వల్ల వచ్చే కాఠిన్యం మరిగితే సున్నంగా అడుగుకి దిగిపోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది మాత్రం ఎంత మరిగించినా పోదు. కొన్ని సబ్బుల లేబుళ్ల మీద టెట్రాసోడియం ఈడీటీఏ అని ఉంటుంది, గమనించండి. ల్యాబులో నేను బ్యూరెట్‌లో నింపుకునే మందు బంధువే అది. కాల్షియంని ముందే పట్టేసుకుని సబ్బు జోలికి రానివ్వదు.

స్నానం సబ్బుతో గీసుకుంటే పోలేదా అని మా ల్యాబులో ఒక కుర్రాడు అడిగాడు. హాస్టల్లో అందరం అలాగే గీసుకున్నాం. స్నానం సబ్బు సోడియం సబ్బు. కొబ్బరి, పామాయిల్ గింజ నూనెల వల్ల పెద్ద బుడగలు గబగబా వస్తాయి, గబగబా పోతాయి. గడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం వాటా ఎక్కువ. అది బుడగని చిన్నదిగా, గట్టిగా ఉంచుతుంది. పైగా ఇందులో పొటాషియం సబ్బు కూడా ఉంటుంది. అది నీళ్లలో తొందరగా కరుగుతుంది, నీళ్లని ఎక్కువ పట్టుకుంటుంది. ఒట్టి పొటాషియం అయితే ముద్దలా మెత్తగా ఉంటుంది, ఒట్టి సోడియం అయితే రాయిలా ఉండి బ్రష్షుకి అంటదు. రెండిటి పాళ్లు కుదిరితే స్టిక్ చేతిలో నిలబడుతుంది, గడ్డం మీద కరుగుతుంది. ఆర్కోలో ఆ పాళ్లు బాగా కుదిరాయని మూడు నెలలు వాడాక ధైర్యంగా చెప్పగలను.

కొనేముందు ఒక మాట మాత్రం తప్పక తెలుసుకోండి. నా దగ్గరున్న స్టిక్ మీద పొటాషియం టాలోయేట్, సోడియం టాలోయేట్ అని రాసుంది. టాలో అంటే పశువుల కొవ్వు. శాకాహారులకీ, ఆ పట్టింపు ఉన్నవాళ్లకీ ఇది ముందే తెలియాలి. మా ల్యాబులో నా పక్క టేబుల్ ఆయన నా మాట విని కొనబోతే, లేబుల్ చదివి వినిపించి నేనే ఆపాను. ఆయన కొబ్బరి నూనె, మొక్కల స్టియరిక్ ఆమ్లంతో చేసిన షేవింగ్ సబ్బు తెప్పించుకున్నాడు. ఇదే చిలకరింపు పద్ధతిలో దానికీ చక్కగా నురగ వచ్చింది. లేబుళ్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, మీరు కొనే డబ్బా మీద ఏముందో మీ కళ్లతో చదువుకోండి.

బ్రష్షు సంగతి. మొదట సంతలో 60 రూపాయలకి కొన్న నైలాన్ బ్రష్షు వాడాను. కుచ్చు చీపురులా బిరుసు, పైగా రోజూ రెండు వెంట్రుకలు నాన్న చెంపకి అంటుకునేవి. పల్చబడిన చర్మం మీద అలాంటిది తిప్పితే బ్లేడు పెట్టకముందే ఎర్రబడుతుంది. ఇప్పుడు వాడేది మెత్తటి సింథటిక్ కుచ్చు. దాన్ని నానబెట్టక్కర్లేదు, నీళ్లు లోపల దాచుకోదు, ఇచ్చిన నీళ్లు ఇచ్చినట్టు ముఖానికే ఇస్తుంది. పంది వెంట్రుకల బ్రష్షయితే ఐదు నిమిషాలు నానాలి, లేకపోతే మీరిచ్చే మొదటి నీళ్లన్నీ అదే తాగేస్తుంది. ఇది తెలియక చాలామంది సబ్బుని తిడతారు.

నాన్న గడ్డానికి ఇప్పుడు నా వరస ఇది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు ముఖం మీద రెండు నిమిషాలు. తర్వాత స్టిక్. నాన్న చర్మం వదులు కాబట్టి ఎడమచేత్తో చెంప కొంచెం పైకి లాగి పట్టుకుని, బలం పెట్టకుండా రుద్దుతాను. బ్రష్షు తిప్పేటప్పుడు నాన్న కళ్లు మూసుకుంటాడు. ఒక్కోసారి అలాగే కునుకు పట్టేస్తుంది. నురగ సిద్ధం కావడానికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ వెంట్రుక నానే సమయం కూడా, అందుకని తొందరపడను. గీయడం ఒకటే వరస, పైనుంచి కిందికి. ఎక్కడైనా నురగ పలచబడితే బ్రష్షు కొసలు తడిపి అక్కడ మళ్లీ రెండు తిప్పులు. కుచ్చు లోపల ఇంకో ముఖానికి సరిపడా నురగ ఎప్పుడూ ఉంటుంది. ఆఖర్న చల్లటి నీళ్లు, పటిక. ముక్క కూడా నాన్నది నాన్నకే, నాది నాకే. జనవరి నెలాఖరు నుంచి ఈ రోజు దాకా నాన్నకి ఒక్క గాటు పడింది, అదీ చెవి కింద, నేను మాటల్లో పడి చూసుకోనప్పుడు.

అయ్యాక నాన్న బొటనవేలితో చెంప నుంచి దవడ దాకా నెమ్మదిగా తడుముకుంటాడు. మొదట్లో రోజూ ఏదో ఒక వంక ఉండేది. ఫిబ్రవరి రెండో వారంలో ఒకరోజు రెండు చెంపలూ తడిమి, బొటనవేలు గొంతు మీద కాసేపు ఆపి, "పలక కుదిరిందిరా" అన్నాడు. ఫ్యాక్టరీలో నునుపు పట్టిన పలకని పక్కన పెట్టేటప్పుడు అనే మాట అది. ఆ రోజు నాకు ల్యాబుకి వెళ్లేదాకా ఆ మాటే చెవిలో ఉంది.

ఖర్చు విషయానికొస్తే, నా స్టిక్ మార్చి 28న అయిపోయింది. 71 సార్లు గీసుకున్నాను, అంటే సగటున గ్రాము పైచిలుకు. నాన్నది రోజు మార్చి రోజు కాబట్టి ఇంకా 30 గ్రాముల పైనే ఉంది. మూడోది ఆన్‌లైన్‌లో 270 రూపాయలకి వచ్చింది. లెక్క చూస్తే గడ్డానికి నాలుగు రూపాయలు కూడా పడలేదు. పంపిన అమ్మకందారు డబ్బా సరిగ్గా ప్యాక్ చేయలేదు, రేకు చిరిగి స్టిక్ ఒక పక్క నొక్కుకుపోయి వచ్చింది. వాపసు పంపుదామనుకుని, సబ్బుకి ఏమీ కాలేదని ఉంచేసుకున్నాను. మీరు కొంటే మాత్రం ప్యాకింగ్ గురించి కింద జనం ఏం రాశారో చూసుకోండి.

నిలవ ఉంచడంలో ఒక్కటే జాగ్రత్త. తడి సబ్బుపెట్టెలో పడుకోబెడితే అడుగు జిగురై సగం వృథా అవుతుంది. నేను పొడి స్టీలు గ్లాసులో నిలబెడతాను, తడి కొస పైకి. స్టిక్ వేలెడంత అయ్యాక చేతిలో నిలవదు, ముఖం మీద రుద్దడం కష్టం. ఆ ముక్కనీ, నొక్కుకుపోయి వచ్చిన కొత్తదాంట్లో సగాన్నీ క్యారెట్ తురిమేదానితో తురిమి, నాన్న పాత స్టీలు గిన్నెలో వేసి బొటనవేలితో అదిమాను. రెండు రోజులకి గట్టిపడి గుండ్రటి బిళ్ల అయింది. విదిలించిన బ్రష్షుని దాని మీద 40 తిప్పులు తిప్పితే ముఖానికి సరిపడా సబ్బు వస్తోంది. తురిమే పీట మళ్లీ వంటింట్లోకి రానివ్వనని మా ఆవిడ చెప్పింది, కొత్తది కొనిచ్చాను.